31 మ్యాచ్‌లు గెలిచిన వర్జీనియా 16వ సీడ్ చేతిలో 20 పాయింట్ల తేడాతో ఎలా ఓడింది?

ముందు మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుందాం. మార్చ్ మ్యాడ్‌నెస్, అంటే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ గురించి మీ రూమ్మేట్స్ మాట్లాడుకుంటుంటే 2018 టోర్నమెంట్ సంగతి మీ చెవిన పడింది. అందరికంటే పై ర్యాంకులో ఉన్న వర్జీనియా, ఎవరికీ పెద్దగా తెలియని యూఎంబీసీ చేతిలో మొదటి రౌండ్‌లోనే 74-54తో ఓడిపోయింది. "ఒక పాయింట్ తేడా అయితే బ్యాడ్ లక్ అనుకోవచ్చు. 20 పాయింట్లంటే అసలు వాళ్లకి నంబర్ వన్ ఇవ్వడమే తప్పు కదా? మరి అదే టీమ్ మరుసటి ఏడాది కప్పు ఎలా కొట్టింది?" అని అడిగారు. ఈసారి ఆఫీస్ బ్రాకెట్‌లో (ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ముందే ఊహించి నింపే పట్టికలో) ధైర్యం చేసి ఒక 16వ సీడ్‌ని, అంటే అట్టడుగు ర్యాంకు జట్టుని పెట్టొచ్చా అని కూడా.

సూటిగా చెప్పేస్తాను. ర్యాంకు తప్పు కాదు. ఆ సీజన్‌లో వర్జీనియా నిజంగానే నంబర్ వన్. కాకపోతే వాళ్లని 31 మ్యాచ్‌లు గెలిపించిన నెమ్మది ఆటలోనే ఆ ఓటమికి దారి ఉంది. దానికి తోడు ఆ మ్యాచ్‌కి మూడు రోజుల ముందు ఒక ముఖ్యమైన ఆటగాడు గాయంతో దూరమయ్యాడు. ఓడే అవకాశం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక లెక్క, తేడా 20 దాకా ఎందుకు పోయిందన్నది ఇంకో లెక్క. ఈ రెండూ కలిపి చూడటం వల్లే చాలామంది తికమకపడతారు. బ్రాకెట్ విషయానికి వస్తే, పెట్టొద్దు. కారణం చివర్లో చెప్తాను.

నా గురించి రెండు ముక్కలు. ఇంజినీరింగ్ రోజుల్లో యూనివర్సిటీ టీమ్‌కి గార్డ్‌గా, అంటే బంతి నడిపించే ఆటగాడిగా ఆడాను. ఇప్పుడు నార్తర్న్ వర్జీనియాలో వారాంతాల్లో కౌంటీ లీగ్‌లో 14 ఏళ్ల లోపు పిల్లల జట్టుకి కోచింగ్ ఇస్తుంటాను. జట్టులో సగం మంది మన తెలుగు పిల్లలే. ఈ రాష్ట్రంలో ఉంటే ఆ మ్యాచ్ ప్రస్తావన రాకుండా ఒక్క మార్చి నెల కూడా గడవదు.

టోర్నమెంట్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 68 జట్లు, ముందు వడపోత మ్యాచ్‌ల్లో నాలుగు పోగా 64. నాలుగు రీజియన్లు, ఒక్కో రీజియన్‌లో 1 నుంచి 16 దాకా సీడ్లు, 1 అంటే అన్నిటికంటే బలమైన జట్టు. ఒక్కసారి ఓడితే ఇంటికే. 1985లో 64 జట్ల పద్ధతి మొదలైనప్పటి నుంచి 2018 దాకా మగవాళ్ల టోర్నమెంట్‌లో 1వ సీడ్లు 16వ సీడ్ల మీద 135 ఆడి 135 గెలిచాయి. 1989లో ప్రిన్స్‌టన్ 50-49తో జార్జ్‌టౌన్ చేతిలో ఒక్క పాయింట్ దూరంలో ఆగిపోయింది. ఆడవాళ్ల టోర్నమెంట్‌లో మాత్రం ఈ వింత 20 ఏళ్ల ముందే జరిగింది. 1998లో హార్వర్డ్ స్టాన్‌ఫర్డ్‌ని 71-67తో ఓడించింది. "చరిత్రలో మొదటిసారి" అని ఎవరైనా అంటే ఆ సంగతి గుర్తు చేయండి.

ఇక ఆ రెండు జట్లు. వర్జీనియా 31 గెలిచి 2 మాత్రమే ఓడి వచ్చింది. ఏసీసీ లాంటి గట్టి కాన్ఫరెన్స్‌లో (కాలేజీల లీగ్‌లో) 17-1. కాన్ఫరెన్స్ టోర్నమెంట్ ఫైనల్లో నార్త్ కరోలినాని కొట్టింది. మ్యాచ్‌కి సగటున 53 పాయింట్లకు కాస్త పైన మాత్రమే ఇచ్చేది, దేశం మొత్తంలో అదే అతి తక్కువ. యూఎంబీసీ అంటే యూనివర్సిటీ ఆఫ్ మేరీలాండ్, బాల్టిమోర్ కౌంటీ. మన ఎంఎస్ పిల్లలు చాలామంది చదివే క్యాంపసే. అప్పటిదాకా ఆ కాలేజీ పేరు చదరంగం టీమ్ వల్లే బయట వినిపించేది. అదే జనవరిలో ఆల్బనీ చేతిలో 83-39తో చిత్తుగా ఓడింది. తన కాన్ఫరెన్స్ అయిన అమెరికా ఈస్ట్ ఫైనల్లో వెర్మాంట్ మీద చివరి క్షణంలో జైరస్ లైల్స్ మూడు పాయింట్ల షాట్ వేయకపోతే అసలు టోర్నమెంట్‌కే వచ్చేది కాదు. అంతకుముందు ఆ వెర్మాంట్ చేతిలో వరసగా 23 సార్లు ఓడిన జట్టది.

ఇప్పుడు అసలు విషయం.

నెమ్మదిగా ఆడితే మ్యాచ్ చిన్నదైపోతుంది. బాస్కెట్‌బాల్‌ని నిమిషాల్లో కాకుండా పొసెషన్లలో లెక్కపెట్టాలి. బంతి ఒక జట్టు చేతికి వచ్చినప్పటి నుంచి షాట్ పడేదాకానో, బంతి పోగొట్టుకునేదాకానో ఒక పొసెషన్. కాలేజీ ఆటలో షాట్ క్లాక్ 30 సెకన్లు. చాలా జట్లు మ్యాచ్‌కి 70 దగ్గర పొసెషన్లు ఆడతాయి. అప్పటి వర్జీనియా 60 దగ్గరే ఆగేది. బంతిని అటూ ఇటూ తిప్పి తిప్పి, క్లాక్ అయిపోవస్తుండగా షాట్ వేసేవాళ్లు. అప్పట్లో దేశంలో అందరికంటే నిదానంగా ఆడే జట్లలో అదొకటి.

ఇందులో కిటుకు ఏమిటంటే, ఆట ఎంత పొడుగైతే బలమైన జట్టు అంత పైకి తేలుతుంది. వాన పడి 20 ఓవర్ల మ్యాచ్‌ని 8 ఓవర్లకి కుదిస్తే ఎవరికి లాభం? చిన్న జట్టుకే. ఒక బ్యాటర్ రెండు ఓవర్లు చెలరేగితే చాలు, పని అయిపోతుంది. వర్జీనియా ఏ వానా లేకుండా తన ఓవర్లు తనే కుదించుకుని ఆడేది. ఏసీసీలో తనతో సమానమైన జట్ల మీద ఇది బాగా పనిచేసింది, ఎందుకంటే వాళ్ల డిఫెన్స్ అంత గొప్పది. కానీ తనకంటే చాలా తక్కువ స్థాయి జట్టు ఎదురైనప్పుడు ఆట పొడుగైతేనే లాభం. అక్కడ కూడా వర్జీనియా అలాగే ఆడేది, వేరే గేర్ లేదు.

మా పిల్లలకి నేను నేర్పే మొదటి లెక్క ఇదే. ఎదుటి జట్టులో ఆరడుగుల కుర్రాళ్లుంటే బంతిని తిప్పమంటాను, తొందరపడి షాట్ వేయొద్దంటాను. స్కోరు తక్కువగా ఉంటే చివరి రెండు నిమిషాల దాకా మ్యాచ్‌లో ఉంటాం. మనమే బలంగా ఉన్నప్పుడు మాత్రం పరుగెత్తాలి, ఎన్ని ఎక్కువ పొసెషన్లయితే అంత మంచిది. గట్టి జట్టు ఒకటి మా మీద గెలవడానికి చివరిదాకా తంటాలు పడితే, బయట నిలబడిన తల్లిదండ్రులు "మీవాళ్లు భలే ఆడారండీ" అంటారు. బాగానే ఆడారు, కానీ అందులో సగం మేం మ్యాచ్‌ని చిన్నది చేయడం వల్లే.

డిఫెన్స్ ఎక్కడ తెగింది? అప్పటి వర్జీనియా కోచ్ టోనీ బెనెట్ ఆడించింది ప్యాక్ లైన్ అనే పద్ధతి. వాళ్ల నాన్న డిక్ బెనెట్ తయారుచేసిన పద్ధతి అది. మూడు పాయింట్ల గీతకి కాస్త లోపల ఒక ఊహాగీత ఉందనుకోండి. బంతి పట్టుకున్నవాడి మీద ఒకడు ఒత్తిడి పెడతాడు, మిగతా నలుగురూ ఆ గీత లోపల గుమిగూడి ఉంటారు. బుట్ట వైపు దూసుకొచ్చేవాడికి దారి ఉండదు. బంతి బయటికి వెళ్తే పరుగున వెళ్లి షాట్‌కి అడ్డుపడాలి. ఆ పరుగులో ఒక్క అర సెకను ఆలస్యమైనా బయట ఉన్నవాడికి ఖాళీ దొరుకుతుంది.

యూఎంబీసీ పొట్టి జట్టు. పాయింట్ గార్డ్ కేజే మౌరా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. పొట్టివాళ్లు కాబట్టే కోర్టంతా పరుచుకుని ఆడారు. లైల్స్ వేగంతో మొదటి డిఫెండర్‌ని దాటేస్తాడు, లోపలున్నవాళ్లు కలుగజేసుకోక తప్పదు, బంతి బయటికి వస్తుంది, అక్కడ ఒకడు సిద్ధంగా ఉంటాడు. 24 మూడు పాయింట్ల షాట్లు వేస్తే 12 పడ్డాయి.

సరిగ్గా ఇక్కడే, గాయంతో దూరమయ్యాడని మొదట్లో చెప్పిన వర్జీనియా ఆటగాడు డీయాండ్రే హంటర్ లేని లోటు కనిపించింది. ఆరడుగుల ఏడంగుళాల ఎత్తు, పొడవాటి చేతులు, గార్డ్‌తోనూ పెద్ద ఆటగాడితోనూ కాళ్లు కలపగలడు. ఏసీసీలో ఆ ఏడాది ఉత్తమ సిక్స్త్ మ్యాన్, అంటే బెంచ్ మీద నుంచి వచ్చే ఆటగాళ్లలో మేటి. మణికట్టు విరిగి టోర్నమెంట్ ఆడటం లేదని మార్చి 13న ప్రకటించారు, మ్యాచ్ 16న. చిన్న గార్డ్‌ల జట్టు మీద ఏ ఆటగాడు కావాలో వాడే లేడు. "ఒక్కడు లేకపోతే 20 పాయింట్లా?" అని అడగొచ్చు. 20 కాదు. కానీ బెనెట్ జట్టు ఎత్తు తగ్గించి వేగంగా ఆడాలంటే ఉన్న ఒకే ఒక్క దారి హంటరే.

ఇక 20 పాయింట్ల సంగతి. షార్లట్‌లో ఆ శుక్రవారం రాత్రి సగం ఆట అయ్యేసరికి స్కోరు 21-21. ఇది వర్జీనియా కోరుకున్న ఆటే, కాకపోతే ఎదుటివాడికి నమ్మకం కూడా అప్పుడే కలిగింది. రెండో సగం మొదలవగానే యూఎంబీసీ ఆటగాడు జో షెర్బర్న్ బుట్టలో వేసి ఫౌల్ కూడా తెచ్చుకున్నాడు, ఆ వెంటనే ఒక మూడు పాయింట్ల షాట్. లైల్స్ అందుకున్నాడు. చూస్తుండగానే తేడా 14కి పోయింది. రెండో సగం ఒక్కదాంట్లో యూఎంబీసీ 53 పాయింట్లు చేసింది. వర్జీనియా మామూలుగా మొత్తం మ్యాచ్‌లో ఇచ్చేన్ని పాయింట్లు ఆ 20 నిమిషాల్లోనే ఇచ్చేసింది. లైల్స్ మొత్తం 28 పాయింట్లలో 23 ఆ సగంలోనివే.

ఛేజింగ్ అలవాటు లేని జట్టు వెనకబడితే తేడా పెరుగుతుంది, తగ్గదు. 14 పాయింట్లు వెనకబడ్డ జట్టు తొందరపడాలి. తొందరపడటం వర్జీనియా ప్రాక్టీస్‌లో లేదు. అలవాటు లేని వేగంలో వేసిన షాట్లు పడవు. 22 మూడు పాయింట్ల షాట్లలో పడినవి నాలుగే. పడని ప్రతి పొడుగాటి షాట్ ఎదుటివాడికి రీబౌండ్, అక్కడి నుంచి ఖాళీ కోర్టులో పరుగు, తేలికైన లేఅప్. అలా తేడా ఇంకా పెరుగుతుంది, వీళ్లకి తొందర ఇంకా పెరుగుతుంది. పిల్లల ఆటలో అయితే నేను టైమౌట్ తీసుకుని "తేడా చూడకండి, ఈ ఒక్క పొసెషన్ చూడండి" అంటాను. కొన్నిసార్లు వింటారు. 14 ఏళ్ల వాడికైనా 21 ఏళ్ల వాడికైనా స్కోర్‌బోర్డ్ చూడకుండా ఉండటం కష్టమే. అందుకే తేడా 20 దాకా పోయిందంటే యూఎంబీసీ 20 పాయింట్ల మేలైన జట్టని కాదు. మొదటి 8, 10 పాయింట్లు ఆటలో వచ్చిన తేడా, మిగతాది ఛేజింగ్‌లో పెరిగినది.

మరి టెన్షన్ పాత్ర లేదా అంటే, ఉంది. వర్జీనియాకి మార్చిలో చేతులెత్తేస్తుందన్న చెడ్డపేరు అప్పటికే ఉంది. 2016లో సిరాక్యూస్ మీద 15 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని ఫైనల్ ఫోర్ (సెమీస్) చేజార్చుకుంది. 2017లో ఫ్లోరిడా మీద మొత్తం మ్యాచ్‌లో చేసింది 39 పాయింట్లే. టీవీలో విశ్లేషకులు దీన్నంతా "మెంటల్" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నాకు ఆ మాట పెద్దగా నచ్చదు. టెన్షన్ ఏ జట్టుకైనా ఉంటుంది. వెనకబడ్డప్పుడు త్వరగా పాయింట్లు చేసే దారి ఉన్న జట్టు దాన్నుంచి బయటపడుతుంది.

ఆ ఏడాది కప్పు గెలిచిన విలనోవానే చూడండి. ఫైనల్లో మిషిగన్ మీద మొదట్లో 21-14తో వెనకబడింది. బెంచ్ మీద నుంచి వచ్చిన డాంటే డివిన్‌చెంజో 31 పాయింట్లు కొట్టాడు, చివరికి 79-62. సెమీస్‌లో కాన్సస్ మీద 18 మూడు పాయింట్ల షాట్లు వేసి ఫైనల్ ఫోర్ రికార్డు కొట్టారు. ఆరు మ్యాచ్‌లూ రెండంకెల తేడాతోనే గెలిచారు. తర్వాత ఎన్‌బీఏలో ఆడిన బ్రన్సన్, మికాల్ బ్రిడ్జెస్ ఉన్న జట్టది. వెనకబడినా భయపడనక్కర్లేని ఆట వాళ్లది.

ఇంకో సంగతి. వర్జీనియా ఒక్కటే కాదు, ఆ సౌత్ రీజియన్ మొత్తం అల్లకల్లోలమైంది. సిన్సినాటి 22 పాయింట్ల ఆధిక్యంలో ఉండి నెవాడా చేతిలో ఓడింది, అరిజోనాని బఫలో 21 పాయింట్ల తేడాతో కొట్టింది, టెనెసీ లయోలా షికాగో చేతిలో ఒక్క పాయింట్‌తో పోయింది. మొదటి నాలుగు సీడ్లలో ఒక్కటి కూడా స్వీట్ సిక్స్‌టీన్ (చివరి 16 జట్ల దశ) చేరకపోవడం అదే మొదటిసారి. 11వ సీడ్ లయోలా ఫైనల్ ఫోర్ దాకా వెళ్లింది. 98 ఏళ్ల సిస్టర్ జీన్ వీల్‌చైర్‌లో కూర్చుని ఆ జట్టుని ఆశీర్వదిస్తున్న ఫొటోలు మీరూ చూసే ఉంటారు. వీళ్లందరూ తప్పుడు సీడ్లా? కాదు కదా. ఒక్క మ్యాచ్‌తో తేలిపోయే పద్ధతిలో ఇలాంటి వారం అప్పుడప్పుడు వస్తుంది.

కావాలంటే లెక్క వేసి చూడండి. ఒక్కో మ్యాచ్‌లో 16వ సీడ్‌కి నూటికి ఒక్క వంతు అవకాశమే ఉందనుకున్నా, 135 మ్యాచ్‌ల్లో కనీసం ఒక్కసారైనా జరగడానికి నూటికి 74 వంతుల అవకాశం ఉంటుంది. 2018 దాకా ఒక్కసారీ జరగకపోవడమే కాస్త విశేషం. యూఎంబీసీ రెండు రోజుల తర్వాత కాన్సస్ స్టేట్ మీద చేసింది 43 పాయింట్లే, 50-43తో ఇంటికి పోయింది. అదే జట్టు, అదే గార్డ్‌లు. ఒక రాత్రి సగం ఆటలోనే 53, ఇంకో రాత్రి మొత్తం ఆటలో 43.

మరి వర్జీనియా 2019లో ఎలా గెలిచింది? చాలామంది "పట్టుదల" అంటారు. పట్టుదల ఉంది, వర్జీనియా గార్డ్ కైల్ గై ఆ ఓటమి రాత్రి ఫొటోనే తన ఫోన్ తెర మీద పెట్టుకున్నాడు. కానీ నేను చూసేది వేరే. ఆట వేగం మార్చలేదు, అప్పుడూ దేశంలో అతి నిదానం వాళ్లదే. మార్చింది అఫెన్స్. బంతి దగ్గర స్క్రీన్లు (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడటం) ఎక్కువ పెట్టి, గై, ఇంకో గార్డ్ టై జెరోమ్‌లకి సొంతంగా షాట్ తయారుచేసుకునే చోటు ఇచ్చారు. హంటర్ తిరిగొచ్చాడు.

అయినా ఓటమికి తలుపు తెరిచే ఉంది చూడండి. మొదటి రౌండ్‌లో 16వ సీడ్ గార్డ్నర్-వెబ్ మీద మొదటి సగంలో 14 పాయింట్లు వెనకబడ్డారు. గుండెలు గుభేల్‌మన్నాయి మా వర్జీనియా వాళ్లందరికీ. ఈసారి తిరిగి లేచి 71-56తో గెలిచారు. పర్‌డ్యూ మీద చివరి క్షణంలో మమాడీ డియాకిటే వేసిన షాట్‌తో ఓవర్‌టైమ్‌కి వెళ్లి గెలిచారు. ఆబర్న్ మీద 0.6 సెకన్లు ఉండగా గై మూడు ఫ్రీ త్రోలు వేసి 63-62తో బయటపడ్డారు. ఫైనల్లో టెక్సస్ టెక్ మీద మళ్లీ ఓవర్‌టైమ్, 85-77. స్కోరు సమం చేసిన షాట్ హంటర్‌ది, ఆ రాత్రి అతనివి 27 పాయింట్లు. ఈ చివరి మూడు మ్యాచ్‌ల్లో ఏ ఒక్కటి అటు ఇటైనా వర్జీనియాని ఇప్పటికీ "మార్చిలో ఓడే జట్టు" అనే అనేవాళ్లు. నెమ్మది ఆట 2018లో తీసుకుంది, 2019లో ఇచ్చింది. నేను కోచ్‌నైతే ఆ స్థాయి ఆటగాళ్లతో కాస్త వేగంగానే ఆడిస్తాను. కప్పు చేతిలో ఉన్న బెనెట్‌తో వాదించే స్థాయి నాకు లేదనుకోండి.

ఒక కొసరు విషయం. 2018లో యూఎంబీసీ కోచ్ రయన్ ఓడమ్. వాళ్ల నాన్న ఒకప్పుడు వర్జీనియాలో అసిస్టెంట్ కోచ్, చిన్నప్పుడు ఇతను అక్కడే బాల్ బాయ్. 2024 అక్టోబర్‌లో బెనెట్ రిటైరయ్యాక, 2025 మార్చిలో వర్జీనియా ఎవరిని హెడ్ కోచ్‌గా తెచ్చుకుంది? ఈ ఓడమ్‌నే.

ఇక మీ బ్రాకెట్. 2018 తర్వాత మళ్లీ ఒక్కసారే ఇలా జరిగింది. 2023లో ఫేర్లీ డికిన్సన్ 63-58తో పర్‌డ్యూని ఓడించింది. దేశంలోనే సగటు ఎత్తు అతి తక్కువున్న జట్టు, 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ ఉన్న జట్టుని. 2025 దాకా మొత్తం 160 మ్యాచ్‌ల్లో రెండంటే రెండే. పైగా పాయింట్ల లెక్క చూసుకోండి. చాలా పూల్స్‌లో (బ్రాకెట్ పోటీల్లో) సరిగ్గా చెప్పిన మ్యాచ్‌కి మొదటి రౌండ్‌లో 1 పాయింట్, తర్వాత 2, 4, 8, 16, 32. మీరు పెట్టిన 16వ సీడ్ గెలిచినా మీకొచ్చేది ఒక్క పాయింటే. గెలవకపోతే ఆ 1వ సీడ్ ముందుకి వెళ్తున్నకొద్దీ వచ్చే పాయింట్లన్నీ పోతాయి. 2025లో అయితే నాలుగు 1వ సీడ్లూ ఫైనల్ ఫోర్‌కి వచ్చాయి. సరదా తీరాలంటే 12వ సీడ్, 5వ సీడ్ మ్యాచ్‌ల్లో తీర్చుకోండి, అక్కడ చిన్న జట్లు తరచూ గెలుస్తాయి. 63 మ్యాచ్‌లూ సరిగ్గా చెప్పాలన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. బ్రాకెట్ నింపే దారులు 92 వేల కోటి కోట్లకు పైనే.

మీ ఆఫీస్ పూల్‌లో సంచలనానికి బోనస్ ఇచ్చే రూల్ ఉంటే, అంటే సీడ్ల తేడాని బట్టి అదనపు పాయింట్లు ఉంటే, ఈ సలహా కొంచెం మారుతుంది. రూల్స్ ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.